బిళ్ళ మానేస్తే మంట మొదలు, ఏం చెయ్యాలి?

డాక్టరు గారూ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. మావారికి 54 ఏళ్ళు, కొబ్బరికాయల వ్యాపారం. నాలుగేళ్ళ కిందట గుండెల్లో మంటగా ఉందంటే మందుల షాపులో పాంటాప్రజోల్ బిళ్ళలు ఇచ్చారు, వేసుకుంటే చేత్తో తీసేసినట్టు పోయింది, ఇంక అప్పట్నించి రోజూ పొద్దున టిఫినయ్యాక ఒకటి వేసుకోవడమే, మధ్యలో ఏ డాక్టరుకీ చూపించలేదు. మొన్న పండక్కి మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి వచ్చి ఈ బిళ్ళలు వాడితే కిడ్నీలు పోతాయి, ఎముకలు గుల్లయిపోతాయి అని ఫోన్లో వీడియోలు చూపించి అన్నీ మానిపించేసింది. పరగడుపున కలబంద రసం, తర్వాత నిమ్మకాయ తేనె, రాత్రి పుదీనా కషాయం. మూడోరోజు రాత్రి రెండింటికి లేచి కూర్చున్నారండి, గొంతులోకి పుల్లగా ఎగదన్నేసి ఊపిరాడనట్టయిపోయింది, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మళ్ళీ బిళ్ళ వేశాం. ఇప్పుడీయన ఇది లేకపోతే నేను బతకను అంటారు, ఆవిడేమో విషం తింటున్నావు అన్నయ్యా అంటుంది. మోకాళ్ళ నొప్పికి అప్పుడప్పుడు ఇంకో బిళ్ళ కూడా వేస్తారు. రాత్రి లోడు ఎత్తించి ఇంటికొచ్చేసరికి పది అవుతుంది. మందు వాడాలా, ఇంటి వైద్యమా, మీరు చెప్పిందే చేస్తాం.
— ఒక పాఠకురాలు, కోనసీమ

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన తప్పు చెయ్యలేదు, మీ ఆడపడుచూ చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. నాలుగేళ్ళపాటు ఆ బిళ్ళ ఎందుకు వేస్తున్నాం, ఏ టైముకి వెయ్యాలి, ఎప్పుడు ఆపాలి అని ఆయనకి చెప్పినవాళ్ళు ఒక్కరూ లేకపోయారే, నా బాధ అదీ. నా దగ్గరికొచ్చే వాళ్ళలో ఎంతమంది చొక్కా జేబులోంచి సగం చింపిన స్ట్రిప్పు తీసి చూపిస్తారో, రేకు వెనకాల పేరు కూడా చెరిగిపోయి ఉంటుంది, ఏం బిళ్ళండీ అంటే గ్యాస్ బిళ్ళండి అంటారు, అంతే తెలుసు.

ముందు ఈ మంట ఏంటో చెప్తా. మీరు కోనసీమ వాళ్ళు కాబట్టి సులువుగా అర్థమవుద్ది. సముద్రం దగ్గర మురుగు కాలవల చివర తలుపులు ఉంటాయి కదా, చేలో నీళ్ళు బయటికి పోవాలి గానీ పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు లోపలికి రాకూడదు. ఆ తలుపు తుప్పుపట్టి సరిగా మూసుకోకపోతే ఏమవుద్దో మీకు నేను చెప్పక్కర్లేదు, వరి మాడిపోద్ది. అన్నవాహిక కింద, పొట్ట మొదట్లో అచ్చం అలాంటి తలుపే ఒకటి ఉంది, కండరంతో చేసిన తలుపు. పొట్ట గోడ యాసిడ్‌ని తట్టుకుంటుంది, అన్నవాహిక తట్టుకోలేదు. తలుపు వదులైనా, తెరుచుకోకూడనప్పుడు తెరుచుకున్నా, లేదా పొట్టలో ఒత్తిడి ఎక్కువైనా యాసిడ్ పైకి ఎగదన్నుతుంది, అదే మీ ఆయన మంట.

ఇప్పుడు పాంటాప్రజోల్ బిళ్ళ ఏం చేస్తుందంటే నీళ్ళలో ఉప్పు తగ్గిస్తుంది. తలుపు బాగు చెయ్యదు. నీళ్ళు అప్పుడూ ఎగదన్నుతూనే ఉంటాయి గానీ వాటిలో యాసిడ్ అంతగా ఉండదు, అందుకని మంట తెలీదు, ఈలోగా పుండు పడ్డ అన్నవాహిక మానుతుంది. ఇది చిన్న పనేం కాదు. ఈ జాతి మందుల్లో మొదటిదైన ఒమిప్రజోల్ 1988లో వచ్చింది, అంతకుముందు అన్నవాహిక పుళ్ళతో నానా యాతనలు పడ్డవాళ్ళకి ఆ మందు ఎంత మేలు చేసిందో మాలాంటివాళ్ళం కళ్ళారా చూశాం. కాబట్టి దాన్ని విషం అంటే నేను ఒప్పుకోను.

కానీ తలుపు సంగతి ఎవరు చూస్తారు? అది మందుతో అయ్యే పని కాదు, రాత్రి భోజనంతో, మంచంతో, పొట్టతో అయ్యే పని. మీ ఆడపడుచు సహజంగా తగ్గించుకోమంది కదా, ఆ మాట నిజమే, కాకపోతే ఆ సహజం కషాయంలో లేదు. ఆవిడ ఇచ్చినవాటిలో రెండు మంటని పెంచేవే ఉన్నాయి. పుదీనా ఆ తలుపు కండరాన్ని వదులు చేస్తుంది, కడుపు నొప్పికి మంచిదే గానీ ఎగదన్నే వాళ్ళకి పడుకునే ముందు ఇవ్వకూడదు. నిమ్మరసం అసలే పుండులా ఉన్న అన్నవాహిక మీదుగా పరగడుపున దిగితే మండదూ? కలబంద ఇంట్లో కోసి ఇస్తే తొక్క కింద ఉండే పసుపుపచ్చటి చేదు జిగురు కూడా వచ్చేస్తుంది, అది విరేచనాలు పట్టిస్తుంది.

మూడోరోజు రాత్రి వచ్చిన ఉపద్రవానికి అసలు కారణం మటుకు ఇంకోటి. ఈ బిళ్ళ రోజుల తరబడి యాసిడ్‌ని తొక్కిపెడితే, యాసిడ్ తగ్గింది ఇంకా చెయ్యండి చెయ్యండి అని గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ పొట్టకి కబురు పంపుతూనే ఉంటుంది. బిళ్ళ ఉన్నన్నాళ్ళూ ఏం తెలీదు. ఒక్కసారిగా ఆపేస్తే ఆ కబురు అందుకున్న కణాలన్నీ ఒకేసారి పనిలో పడి మామూలు కన్నా ఎక్కువ యాసిడ్ వదులుతాయి. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మంది మీద చూశారు, సగం మందికి 8 వారాలు ఈ జాతి బిళ్ళ ఇచ్చి ఆపేస్తే వాళ్ళలో 44 శాతం మందికి మంట, పుల్లటి తేన్పులు మొదలయ్యాయి, అసలు బిళ్ళే ఇవ్వనివాళ్ళలో అది 15 శాతమే. అంటే ముందు ఏ మంటా లేనివాళ్ళకి కూడా వచ్చింది! అందుకని మీ ఆయనకి వచ్చింది చూసి ఈ బిళ్ళ లేకపోతే బతకను అనుకోవక్కర్లేదు, అది జబ్బు ముదిరిందని గుర్తు కాదు, కొన్ని వారాల్లో దానంతటది సర్దుకుంటుంది. ఇది తెలియకే చాలామంది జీవితాంతం వేసుకుపోతున్నారు.

ఇంక కిడ్నీలు, ఎముకల సంగతి. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గొచ్చు, మెగ్నీషియం తగ్గొచ్చు, ఎముకలు విరగడం కాస్త ఎక్కువగా కనపడింది, అరుదుగా కిడ్నీలో వాపు రావొచ్చు, ఇవన్నీ పుట్టించిన మాటలు కావు. కానీ చాలావరకు ఈ లెక్కలు మందు వాడేవాళ్ళనీ వాడనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూసినవి, మందు వాడేవాళ్ళు మామూలుగానే ఎక్కువ జబ్బులున్నవాళ్ళు. 2019లో కాంపాస్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి, గుండె, రక్తనాళాల జబ్బులున్న 17 వేల మంది పైచిలుకు, సగం మందికి పాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాములు, సగం మందికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ, సుమారు మూడేళ్ళు. కిడ్నీల్లో గానీ ఎముకలు విరగడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రం 1 శాతం నుంచి 1.4కి పెరిగాయి. యాసిడ్ క్రిముల్ని చంపుతుంది కదా, అది తగ్గితే అంతే మరి. ఈ బిళ్ళలు వాడేవాళ్ళు గోదారికి వరదలొచ్చిన రోజుల్లో కాచి చల్లార్చిన నీళ్ళే తాగాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. అయితే అది మూడేళ్ళ లెక్కే, పదేళ్ళది కాదు. కారణం ఉంటే భయపడకుండా వాడండి, కారణం లేకుండా ఒక్క నెల కూడా వద్దు, నా మాట ఇది.

కారణం ఉందో లేదో తేలకుండా మీ ఆయన బిళ్ళ ఆపొద్దు. ముఖ్యంగా ఆ మోకాళ్ళ బిళ్ళ. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ లాంటివి అయితే అవే పొట్టలో పుండ్లు చేస్తాయి, అవి వేసుకుంటూ గ్యాస్ బిళ్ళ ఆపేస్తే గొడుగు మడిచేసి వానలో నిలబడ్డట్టే. ముందు ఆ నొప్పి బిళ్ళ మార్చాలి, పారాసెటమాల్ పొట్టకి అంత ఇబ్బంది పెట్టదు, మోకాళ్ళకి వేరే దారులున్నాయి, చూపించండి. అలాగే గుండెకి స్టెంటు వేయించుకుని రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూసే ఎండోస్కోపీలో అన్నవాహిక బాగా పుండుపడిందని తేలినవాళ్ళు, రిపోర్టులో బారెట్స్ అని, అంటే యాసిడ్ తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోయిందని రాసి ఉన్నవాళ్ళు సొంతంగా ఎప్పుడూ ఆపొద్దు. రక్తం పల్చబడే మందుల్లో క్లోపిడోగ్రెల్ అనేది వాడేవాళ్ళు ఒమిప్రజోల్ బదులు పాంటాప్రజోల్ వాడటం మంచిది, ఒమిప్రజోల్ ఆ మందు పనిని తగ్గిస్తుంది.

ఇంకోటి, స్ట్రిప్పు మీద పేరు చివర డీ అనే అక్షరం ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు డోంపెరిడోన్ కూడా కలిసినట్టు. అది వికారానికి నాలుగు రోజులు వాడే మందు, నెలల తరబడి వాడేది కాదు, గుండె లయ మీద పనిచేస్తుంది, 60 దాటినవాళ్ళకి మరీ జాగ్రత్త. 2014లో యూరప్ మందుల సంస్థ మామూలుగా వారం మించొద్దని చెప్పింది. మనూళ్ళలో దీన్ని ఏళ్ళకేళ్ళు మింగుతుంటే నాకు నిజంగా గుబులుగా ఉంటుంది.

అన్నీ చూపించుకుని ఆపొచ్చు అంటే ఎలా ఆపాలి? ముందు టైము మార్చండి. టిఫినయ్యాక కాదు, టిఫినుకి అరగంట నుంచి గంట ముందు. పొట్టలో యాసిడ్ పంపులు అన్నం తగిలినప్పుడు లేస్తాయి, ఈ మందు లేచిన పంపుని మాత్రమే పట్టుకుంటుంది, కాబట్టి అవి లేచేటప్పటికి మందు రక్తంలో ఉండాలి. తిన్నాక వేసుకుంటే సగం వృథా. నాలుగేళ్ళు టిఫినయ్యాకే వేశారు అంటే ఆయనకి పూర్తిగా పని చేసిన రోజులు ఎన్నో పాపం. ఈ ఒక్క మార్పుతోనే రాత్రి మంట తగ్గినవాళ్ళు నా దగ్గర చాలామంది. అలా రెండు వారాలు బాగున్నాక 40 మిల్లీగ్రాముల బిళ్ళ నుంచి 20కి దిగండి, ఇంకో రెండు వారాలకి రోజు విడిచి రోజు, ఆ తర్వాత ఆపేయండి. మధ్యలో ఏదన్నా రాత్రి మండితే సోడియం ఆల్జినేట్ ఉన్న సిరప్పు తాగొచ్చు, అది సముద్రపు నాచులోంచి తీసింది, పొట్టలో నీళ్ళ మీద తెప్పలా తేలి యాసిడ్‌కి అడ్డం నిలబడుతుంది. షాపులో కొంటే ఇంగ్లీషు మందు, సముద్రంలో ఉంటే నాచు, చూశారా!

ఇంక అసలు వైద్యం, తలుపు వైద్యం. రాత్రి పదింటికి లోడు ఎత్తించి వచ్చి చేపల పులుసు పోసుకుని కడుపునిండా అన్నం తిని వెంటనే నడుం వాలిస్తే ఏ బిళ్ళా కాపాడలేదమ్మా. తిన్నాక మూడు గంటలు పడుకోకూడదు. ఆయన టైము మారదు అంటారు, తెలుసు. కాబట్టి భోజనాన్ని ముందుకి జరపండి. ఏడింటికి క్యారేజీ పంపండి, పనివాళ్ళతో పాటు అక్కడే తినేస్తారు, ఇంటికొచ్చాక ఆకలేస్తే ఒక గ్లాసు పల్చటి మజ్జిగ, అంతకుమించి వద్దు.

రెండోది మంచం. మీ ఇంట్లో కొబ్బరి మొద్దులకి కరువేముంది, అరడుగు ఎత్తున రెండు ముక్కలు కోయించి, పైన మంచం కాలు జారకుండా చిన్న గుంట తొలిపించి, తలవైపు రెండు కాళ్ళ కిందా పెట్టండి. దిళ్ళు ఎత్తుగా పెట్టుకుంటే చాలదు, నడుం దగ్గర మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుపోతుంది, మంచం మొత్తం వాలాలి. మా నాన్నగారికి నేనే అలా పెట్టించాను, మొదటి రెండు రాత్రులు జారిపోతున్నానురా అన్నారు, వారం తిరిగేసరికి ఆయనే ఎవరొచ్చినా చూపించేవారు. ఎడమవైపు తిరిగి పడుకోమనండి, పొట్ట ఆకారం వల్ల అటు తిరిగితే యాసిడ్ తలుపు కన్నా కిందకి ఉంటుంది. పొట్ట ముందుకొచ్చి ఉంటే నాలుగైదు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది, నడుం దగ్గర బెల్టు బిగించొద్దు. చుట్ట, సిగరెట్, తాగుడు ఉంటే అవీ మానాల్సిందే.

తిండి విషయంలో నేను ఆవకాయ మానెయ్యండి అని అందరికీ ఒకే చీటీ రాయను. ఒకరికి ఆవ పెట్టిన పనసపొట్టు కూర పడదు, ఒకరికి నూనెలో తేలే వేపుడు పడదు, ఒకరికి కాఫీ. రెండు వారాలు చిన్న పుస్తకంలో రాయండి, రాత్రి ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, మండిందా లేదా. పట్టుబడినవి మానండి, పట్టుబడనివి హాయిగా తినండి. మంటకి చల్లటి పాలు అని చెప్తారు, తాగినప్పుడు హాయిగానే ఉంటుంది, కాసేపటికి ఆ పాలే మళ్ళీ యాసిడ్ పుట్టిస్తాయి. కొబ్బరినీళ్ళు, అరటిపండు, పొట్టిక్కలు ఏ ఇబ్బందీ లేదు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం కొబ్బరినీళ్ళు, అరటిపండు అడిగి తీస్కోవాలి, పొటాషియం ఎక్కువ. జీలకర్ర నీళ్ళు తాగితే బాగుంటే తాగండి, నష్టం లేదు, మందు అనుకోకండి అంతే. అతిమధురం మాత్రం బీపీ ఉన్నవాళ్ళు ముట్టుకోవద్దు, అది బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. వంటసోడా నీళ్ళూ అంతే, దాన్నిండా సోడియమే.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. ఛాతీలో పట్టేసినట్టు, చెయ్యి దవడ లాగుతున్నట్టు, చల్లటి చెమటలు పడితే అది గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టొద్దు, 108కి ఫోన్ చేసి ఈసీజీ తీసే చోటికి తీసుకెళ్ళండి. గ్యాస్ నొప్పే అనుకుంటూ తెల్లారేదాకా ఆగి వచ్చినవాళ్ళని చూశాను, ఆ ఇళ్ళల్లోవాళ్ళ మొహాలు నాకు ఇంకా గుర్తే. అలాగే ముద్ద మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం పడినా ఇంట్లో ప్రయోగాలు కట్టిపెట్టి ఎండోస్కోపీకి వెళ్ళాలి. మీ ఆయనకి 54, నాలుగేళ్ళుగా ఉంది, ఎప్పుడూ చూపించలేదు, నేనైతే ఒకసారి చేయించమనే చెప్తాను. మీ ఆడపడుచుకి నా మాటగా చెప్పండి, అన్నయ్య మీద ప్రేమతో వీడియో చూపించింది, అదే ప్రేమతో రోజూ ఏడింటికి ఫోన్ చేసి అన్నం తిన్నావా అన్నయ్యా అని అడగమనండి.

డాక్టరు గారూ, మాది భీమవరం పక్కన, రొయ్యల చెరువులు, నాకు 29. రాత్రంతా ఏరియేటర్లు చూస్కుంటూ గట్టు మీదే ఉంటా, టీ, బజ్జీలు, ఒంటిగంటకి బిర్యానీ, రెండింటికి షెడ్డులో పడుకుంటా. రోజూ మంట, మండినప్పుడు ఒమిప్రజోల్ వేస్తున్నా, పని చెయ్యట్లేదు. బ్రాండ్ మార్చాలా?
— భీమవరం

బ్రాండ్ మార్చక్కర్లేదు బాబూ. మండాక వేసుకుంటే ఈ మందు వెంటనే పని చెయ్యదు, వరసగా మూడు నాలుగు రోజులు పడితే గానీ పూర్తి బలం రాదు. నీ రోజు సాయంత్రం మొదలవుతుంది కాబట్టి నీ పెద్ద భోజనం సాయంత్రం ఆరున్నరకి పెట్టుకో, దానికి అరగంట ముందు బిళ్ళ, ఎనిమిది వారాలు, డాక్టరుని అడిగి. ఒంటిగంట బిర్యానీ తీసెయ్, అది తిని గంటలో పడుకుంటున్నావు, మంట రాకపోతేనే ఆశ్చర్యం. ఆకలేస్తే రెండు ఇడ్లీలో అరటిపండో. ఎప్పుడో ఓసారి మండే రాత్రికి ఫామోటిడిన్ త్వరగా పని చేస్తుంది, రోజూ వేస్తే వారం రెండు వారాల్లో దాని పస తగ్గిపోతుంది. పాత రానిటిడిన్ స్ట్రిప్పులు షెడ్డులో ఉంటే వాడకు, అందులో ఎన్‌డీఎంఏ అనే చెడ్డ పదార్థం తేలుతోందని 2020లో అమెరికాలో తీసేశారు, మన దేశ అత్యవసర మందుల జాబితాలోంచి 2022లో తీసేశారు. గుట్కా, ఖైనీ నువ్వు రాయలేదు, ఉంటే ముందు అది.

మేడమ్, నాకు ఏడో నెల, రాజోలు పుట్టింట్లో ఉన్నాను. రాత్రిళ్ళు మంట, మా అమ్మ వంటసోడా నీళ్ళు ఇస్తానంటోంది, తాగొచ్చా? బిడ్డకి ఏమన్నా అవుతుందేమోనని ఏ మందూ వెయ్యట్లేదు.
— రాజోలు

వంటసోడా వద్దు తల్లీ, అమ్మకి నేను చెప్పానని చెప్పు, ఒంట్లో ఉప్పూ నీరూ పెరుగుతాయి, కాళ్ళ వాపు అసలే ఉంటుంది ఈ నెలల్లో. కడుపుతో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్ పొట్ట పైన ఉండే తలుపుని వదులు చేస్తుంది, బిడ్డ కింద నుంచి పొట్టని నొక్కుతుంది, అందుకే మంట, కాన్పు అయ్యాక చాలామందికి పోతుంది. కొంచెం కొంచెం ఐదారుసార్లు తిను, రాత్రి అన్నం ఏడింటికల్లా, ఎడమవైపు తిరిగి పడుకో, అది బిడ్డకీ మంచిదే. తగ్గకపోతే కాల్షియం లేదా ఆల్జినేట్ ఉన్న యాంటాసిడ్ కడుపుతో ఉన్నవాళ్ళు వాడేదే, నిన్ను చూసే డాక్టరుని అడిగి తీస్కో, బాధ ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. అది వేసుకున్నప్పుడు మాత్రం ఐరన్ బిళ్ళకీ దానికీ రెండు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటబట్టదు. ఐరన్ పొద్దున పూట పెట్టుకో, మంట మందు రాత్రి.